గీత దగ్గర గట్టు

మార్చి తొమ్మిది. సాయంత్రం రొట్టె, ఉడికించిన గుడ్డు తిని, చెప్పులు కుట్టడం మానేసిన మామగారూ, కంప్యూటర్‌లో గీసి, పొరలుపొరలుగా అచ్చువేసే యంత్రంతో చెప్పుల సోల్స్ తయారుచేసే కోడలూ మళ్లీ పనిగదిలో కూర్చున్నారు.

“మన దగ్గర చెప్పులు చేయించుకునే షుగరున్న బస్సు కండక్టరు గారి పాదంలో పుండు మళ్లీ రేగింది మామయ్యా. ఇది నేను చేసిచ్చిన మూడో సోల్. ఇంకోసారి రేగితే వేలు తీసేస్తారట.”

“పుండు కింద మెత్తగానే పెట్టావు కదమ్మా?”

“పెట్టాను. తెర మీద చూడండి, ప్రతి పొరలోనూ ఎరుపు గట్టిది, నీలం మెత్తటిది. పుండు చుట్టూ గీత గీసి లోపలంతా నీలం నింపాను.”

“గీత దాటగానే ఎరుపేనా?”

“అవును.”

“అయితే పాదం గోతిలోకి దిగి గట్టుకి ఒరుసుకుంటోంది. మీ అత్తయ్య చెప్పులకి నేనూ ఇలాగే మెత్తటి ముక్క అతికించి మురిసిపోయాను. రెండు నెలలు కుంటుతూనే బాగుందంది మహాతల్లి.”

“మీరు నొచ్చుకుంటారనేమో.”

“అదే మరి. చివరికి ఆ అంచు అరగదీసి, మెత్తటిదాన్ని గట్టిదాంట్లో కలిపేశాను. ఆ రోజు వీధి చివరిదాకా నడిచొచ్చింది.”

“ఇందులోనూ కలపొచ్చు. ఎక్కడ ఏది ఎంత పాలో యంత్రానికి చెబితే మెల్లగా మారుతుంది. గీత నీటుగా ఉందని నేనే వదిలేశాను.”

“బొటనవేలంత వెడల్పున మారనివ్వు.”

“అలాగే మార్చాను. యంత్రం కొత్త సోల్ మొదలుపెట్టింది, తెల్లారేసరికి అయిపోతుంది.”

“రేపు కండక్టరుని బాగుందా అని అడక్కు. నడవమని చెప్పి, నడక చూడు.”

“సరే మామయ్యా. మీరూ లేవండి.”

యంత్రాన్ని దాని పనికి వదిలేసి, ఆయన తలుపు చప్పుడు కాకుండా మూశారు.