ఛాతీ కట్టు

నెల రోజులుగా వదలని దగ్గుతో క్వారీ కూలీ ఒకడు నరసరావుపేటలో డాక్టరు దగ్గరికి వచ్చాడు.

"చొక్కా విప్పవయ్యా."

"పైనుంచే చూడండి సార్."

డాక్టరు చొక్కా మీదే స్టెతస్కోపు ఆనిస్తే గట్టిగా ఏదో తగిలింది.

"లోపల ఈ కట్టేంది? ఎముక విరిగిందా?"

"లేదు సార్. ఆడపుటక పుట్టాను. పదేళ్లుగా ఈ గుడ్డ బిగించే మగాళ్లలో పని చేస్తన్నా."

"అయితే ఆడవాళ్ల వరసలో కూర్చో. నర్సు చూస్తది."

అతనికి ఒళ్లు మండింది.

"నర్సు చూస్తదనే పొద్దున ఆ వరసలో కూర్చున్నా సార్. మగాడికి ఇక్కడేం పనని లేపారు. ఇంక యాడ కూర్చోను? నాకొచ్చింది దగ్గు. అది చూడండి, చాలు."

డాక్టరు లేచి తలుపు మూశాడు.

"కట్టు నువ్వే వదులు చెయ్యి. గట్టిగా ఊపిరి తీసుకో."

తీసుకోబోతే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"నెమ్ము చేరింది. రెండు నెలలు ఈ గుడ్డ కట్టొద్దు."

"కట్టకుండా పనికెట్టా పోను సార్?"

డాక్టరు మందులు రాసిచ్చాడు. అతను గోడవైపు తిరిగి కట్టు మళ్లీ బిగించుకున్నాడు.