పరాయి పాటలు, మధ్య గొంతు

ఈ సభను నడిపిస్తున్న లొరేన్ పెట్రిచ్ గారికీ, ముందు వరసలో కూర్చున్న మా శాన్ పెడ్రో రేవు పెద్దలకూ, ఇందాక అభినందన పేరుతో నా భుజం నొక్కి ఇంకా నొప్పి తగ్గకుండా చేసిన పాత జాలరి మిత్రులకూ (నవ్వులు), నా పాటల కంటే నా కారును ఎక్కువ కాలం భరించిన మెకానిక్ సాల్‌కూ, నన్ను ఎన్నడూ చూడకపోయినా పేరు విని వచ్చిన మీ అందరికీ గోర్డన్ జువేలా నమస్కారం.

లొరేన్ గారు నన్ను పరిచయం చేస్తూ, "బ్రేక్‌వాటర్స్ బృందానికి గొంతు ఈయనే" అన్నారు. పెద్దావిడ మాట కాదనడం మర్యాద కాదు కానీ, ఈ హాల్లో నిజం తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు కాబట్టి చెప్పక తప్పదు. ఆ బృందానికి గొంతు రే బిలిచ్‌ది. పైన రే పాడేవాడు, కింద నిక్ లుకిన్, మధ్యలో నేను. వెనకాల డ్రమ్స్ మీద ఎమెట్ సోర్లీ. అతను నోరు తెరిచి పాడకపోవడం మాకు చేసిన మహోపకారం. (నవ్వులు) పై గొంతులో పాట వరస ఉంటుంది, జనం దాన్నే కూనిరాగం తీసుకుంటూ ఇంటికి పోతారు. కింది గొంతులో బరువు ఉంటుంది. మధ్య గొంతులో చెప్పుకోడానికి ఏమీ ఉండదు. రెండు మూడు స్వరాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, అంతే. అది ఆగిపోతే మాత్రం ఎక్కడో వెలితిగా ఉందని వినేవాడికి తెలుస్తుంది, ఏమిటో తెలియదు.

మంగలి ఆర్ట్ కాస్టెల్ ఇక్కడే ఉన్నాడు, అడగండి. ఒకరోజు నాకు జుట్టు కత్తిరిస్తూ, "గోర్డీ, ఆ పడవ పాట ఒక్కసారి పాడవయ్యా" అన్నాడు. పాడాను. కత్తెర ఆపేసి, "అది కాదయ్యా, పడవ పాట!" అన్నాడు. "ఆర్ట్, నేను పాడింది అదే." "కాదు. నాకు తెలీదా ఆ పాట?" అని మొదటి నుంచి చివరిదాకా తనే పాడి నాకు నేర్పాడు. ఆ ఉత్సాహంలో నా ఎడమ చెవి పైన జుట్టు కొంచెం ఎక్కువే పోయింది. (నవ్వులు)

ఆ పడవ పాట గురించే నాలుగు మాటలు చెబుతాను, ఎందుకంటే మీరంతా మా పాట అనుకునే ఆ పాట మాది కాదు.

మేం నలుగురం ఈ కొండ దిగువన పుట్టి పెరిగినవాళ్ళం. స్కూలు డాన్సుల్లో ఊళ్ళో వాళ్ళు ఏది అడిగితే అది పాడేవాళ్ళం, అన్నీ పరాయి పాటలే. తరవాత రే సొంతంగా కట్టడం మొదలుపెట్టాడు, మేం పాడాం, దేశం విన్నది, మా మొహాలు పత్రికల అట్టల మీదకెక్కాయి. ఆ హడావిడి మీకు తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, ఒక వేసవిలో రే ఆగిపోయాడు. జబ్బూ కాదు, తాగుడూ కాదు, ఎవరితోనూ గొడవా కాదు. వాళ్ళమ్మ ఇంటి వెనక గరాజులో పియానో ముందు కూర్చునేవాడు, మూత తీసేవాడు కాదు. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "పొద్దున్నించీ అలాగే ఉన్నాడు గోర్డీ, నువ్వొచ్చి ఏదైనా మాట్లాడరాదూ" అనేది. నేను వెళ్ళి పక్కన కూర్చునేవాణ్ణి.

అటు కంపెనీవాళ్ళు రికార్డు ఎప్పుడని ప్రాణం తీస్తున్నారు. అప్పుడు నిక్ అన్నాడు, "వాడి పాటలు లేకపోతే లోకంలో పాటలు కరువా? స్కూల్లో పాడినవే పాడి ఇచ్చేద్దాం." అలా మొదలైంది ఆ పరాయి పాటల రికార్డు. పేరున్నవాళ్ళవీ, పేరు లేనివాళ్ళవీ, మాకు నచ్చినవన్నీ ఏరుకున్నాం. ఒక పత్రికాయన ముందే రాసేశాడు, వీళ్ళ బావి ఎండిపోయింది, పక్కింటి నీళ్ళు మోసుకుంటున్నారు అని. నిక్ ఆ కాగితంలో చేపముక్కలు చుట్టుకుని స్టూడియోకి తెచ్చుకున్నాడు.

ఆ ఏరుకున్నవాటిలో నేను ఇచ్చింది ఒక్కటే. మా నాన్న పడవలో తెల్లవారుజామున రేడియోలో విన్న పాట. పాడింది వెర్నా టిబ్స్ అని, రిచ్‌మండ్ ఓడల కార్ఖానాలో పనిచేసే ఒక నల్లజాతి ఆవిడ. పాట కట్టిందీ ఆవిడే. పియానో, ఆవిడ గొంతు, ఇంకేమీ లేదు. చివరి పడవ వెళ్ళిపోయాక కూడా రేవులో బెంచీ మీద కూర్చుని ఉన్న ఒకామె గురించి. ఆ రికార్డు కొన్నవాళ్ళు నాకు ఎవరూ కనబడలేదు.

గరాజుకు వెళ్ళి రేతో చెప్పాను. "ఒక పాట ఉందిరా. పై గొంతు నువ్వే పాడాలి. నిక్ పాడితే మేక అరిచినట్టుంది."

"ఎవరిది?"

"వెర్నా టిబ్స్ అని, నీకు తెలీదులే."

"తెలుసు" అన్నాడు. "అది ముగ్గురు పాడే పాట కాదురా గోర్డీ."

"మనం ఉన్నదే ముగ్గురం కదరా, ఏం చెయ్యమంటావు?"

అప్పుడు పియానో మూత తీశాడు. పైదీ కిందదీ తేలిగ్గానే కుదిరాయి. నా గొంతు దగ్గర ఆగి, వాయించి, కొట్టేసి, మళ్ళీ వాయించి, చివరికి ఒకటే స్వరం చూపించాడు. "ఇందులో నువ్వు కదలకు. మేమిద్దరం ఎటు పోయినా నువ్వు ఉన్నచోటే ఉండు" అన్నాడు.

ఉన్నచోటే ఉన్నాను. క్షమించండి, మంచినీళ్ళు తాగుతాను.

ఆ పాట మా పాటలన్నిటి కంటే పైకి పోయింది. పెళ్ళిళ్ళలో వేశారు, చావుల్లో వేశారు. వెర్నాకు పాట హక్కు సంగతి లాయర్లు సవ్యంగానే చూశారు, ఆ విషయంలో ఆవిడకు ఫిర్యాదు లేదు. కానీ ఆవిడ పేరు ఎవరికీ గుర్తులేదు.

తరవాతి ఏడు ఓక్లాండ్‌లో మా కచేరీకి ఆవిడే వచ్చింది. చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పట్టుకుని, మేం బట్టలు మార్చుకునే గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. "బాగా పాడారు నాయనా. ఒక్క సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ పాటలో మనిషి ఒక్కత్తే కూర్చుని ఉంటుంది కదా. మీరేమో ముగ్గురు మొనగాళ్ళు, ఒకడి భుజం మీద ఒకడు చెయ్యేసుకుని, నాకెవరూ లేరు, నాకెవరూ లేరు అంటున్నారు. పక్కనే ఇద్దరున్నారు కదయ్యా! చూసుకోలేదా?"

రే నవ్వడం మొదలుపెట్టి గోడకు చేరగిలబడి కింద కూర్చుండిపోయాడు. ఏడాదిన్నరగా వాడు నవ్వగా మేం చూడలేదు. నిక్ ఊరుకోలేదు. "అమ్మా, వీళ్ళు ఉన్నా లేనట్టే" అన్నాడు. ఆవిడ లేచి, సంచీ సర్దుకుని, "అలా అనకు నాయనా. లేకపోవడం ఎలా ఉంటుందో నీకింకా తెలీదు" అని వెళ్ళిపోయింది.

నిక్‌కు తెలిసే అవసరం రాలేదు. మా అందరికంటే ముందు ఎమెట్ పోయాడు, ఆ వెనకే నిక్. రే కిందటేడు వసంతంలో పోయాడు. ఇవాళ మాట్లాడినవాళ్ళంతా ఆ ముగ్గురినీ చక్కగా తలుచుకున్నారు, కృతజ్ఞుణ్ణి; నేను వాళ్ళను మహనీయులని పొగడలేను. ఎమెట్ ప్రతి ఊళ్ళోనూ నా సబ్బు వాడుకునేవాడు. నా భార్య మార్గో ఉన్నన్నాళ్ళూ, "ఆ ఒక్క స్వరం మీద గొణుగుడు ఆపుతారా లేదా?" అని వంటింట్లోంచి కసిరేది. ఇప్పుడు ఎంతసేపు గొణుక్కున్నా అడిగేవాళ్ళు లేరు. గొణుక్కోబుద్ధి కావడం లేదు.

రే జబ్బు పడినప్పటి నుంచీ నాతో కలిసి పాడుతూ వచ్చిన కర్టిస్, డ్వేన్ వెనక వరసలో ఉన్నారు. ఇప్పుడు చెప్పబోయేది విని తల దించుకోకండి నాయనా, తప్పు మీది కాదు. వీళ్ళు మా పాటలన్నీ మాకంటే శుభ్రంగా పాడతారు. రే పాడిన చోటల్లా కర్టిస్ పాడతాడు, ఒక్క స్వరం తప్పడు. కానీ ప్రతి పాటలోనూ రే ఊపిరి తీసుకునే చోటు ఒకటి ఉండేది. చిన్న శబ్దం, ముక్కుతో. అది విని నేను అందుకునేవాణ్ణి. అలవాటు చొప్పున అక్కడ ఎడమవైపు తిరిగి చూసేవాణ్ణి. కర్టిస్ ఆరోగ్యవంతుడు, అతనికి అక్కడ ఊపిరి అక్కర్లేదు. అలా రే కట్టిన పాటలు, నా గొంతుతో నేనే రికార్డు చేసిన పాటలు, నాకు ఎవరివో అరువు తెచ్చి పాడుతున్నట్టు అయిపోయాయి. వేదిక మీద బ్రేక్‌వాటర్స్ అని పెద్ద అక్షరాలు వెలుగుతుంటే, ఆ పేరు కింద నిలబడి ఎవరి కోసమో ఎదురు చూస్తున్నవాడిలా ఉండేవాణ్ణి.

రే అంత్యక్రియలయ్యాక ఒకరోజు కారేసుకుని రిచ్‌మండ్ పోయాను. ఎందుకు పోయానో దారంతా ఆలోచించినా తెలియలేదు. వెర్నాకు తొంభై దాటాయి. మేనకోడలు తలుపు తీసి లోపలికి కేకేసింది, "అత్తా, ఎవరో ముసలాయన!"

"ముసలాయన కాదే, మధ్యవాడు" అంది వెర్నా, నన్ను చూసి. "మిగతా ఇద్దరూ?"

"పోయారమ్మా."

అయ్యో అనలేదు. టీవీ కట్టేయించింది. "ఐతే పాడు" అంది.

పాడాను, నాకు వచ్చిన ఆ ఒక్క స్వరమే. చివరిదాకా విని, "ఇన్నేళ్ళూ నువ్వు పాడింది ఇదేనా?" అంది.

"ఇదేనమ్మా."

"అంటే నా పాట నీకు రాదన్నమాట."

"రాదు."

నాకు అన్నం పెట్టిన పాట నాకు రాదని అంతవరకూ నాకు తోచలేదు. ఆవిడ ఆ మధ్యాహ్నం కూర్చోబెట్టి నేర్పింది. ఒకచోట నేను అలవాటుగా, "ఇక్కడ రే పైకి వెళ్ళేవాడు" అన్నాను. "అతని సంగతి వదిలెయ్. ఇక్కడ పైకి పోయేది లేదు, ఇక్కడ ఊపిరి అయిపోతుంది. అయిపోనీ" అంది. గుమ్మం దాకా కర్ర పట్టుకుని వచ్చింది. "ఇప్పుడు ఒక్కడివేగా ఉన్నావు. ఇప్పుడు పాడు, నమ్ముతారు."

కిందటి నెల జాతరలో పాడాను. అదే నా చివరి కచేరీ. ఇంకా ఎండ పోలేదు, పక్కన రంగులరాట్నం తిరుగుతోంది. కర్టిస్‌నీ డ్వేన్‌నీ పక్కకు తప్పుకోమని, మైకు ముందు ఒక్కణ్ణే నిలబడి మొదలుపెట్టాను. గొంతు పగిలింది. మొదటి చరణం కాకముందే, బీరు గ్లాసు పట్టుకున్న ఒక పెద్దమనిషి, నా వయసువాడే, వెటకారానికి కాదు, నిజంగానే తెలియక అరిచాడు: "మిగతావాళ్ళేరయ్యా?"

పాట ఆపలేదు. ఆపితే జవాబు చెప్పాల్సి వచ్చేది.

ఊపిరి అయిపోయే చోట అయిపోనిచ్చాను. పాట ముగిశాక కాసేపు రంగులరాట్నం చప్పుడే వినిపించింది. ఆ పెద్దమనిషి గ్లాసు కింద పెట్టేసి, రెండు చేతులూ వేలాడేసుకుని నన్ను చూస్తూ నిలబడ్డాడు. చప్పట్లు తరవాత వచ్చాయి. నా గొంతు పోయింది కాబట్టి మానేస్తున్నానని పత్రికలు రాశాయి, లొరేన్ గారు గౌరవంగా "విశ్రాంతి" అన్నారు. అదేమీ కాదండీ. ఆ పాట ఏమిటో నాకు ఆ సాయంత్రం అర్థమైంది. అర్థమయ్యాక ఇంకో ఊరెళ్ళి మళ్ళీ పాడే గుండె నాకు లేదు.

మీరు చేసిన ఈ సన్మానానికీ, ఈ జ్ఞాపికకూ, దీని మీద నా ఇంటిపేరు మొదటిసారి తప్పు లేకుండా చెక్కించినందుకూ (నవ్వులు) చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కర్టిస్, డ్వేన్, మీకు ఎంత చెప్పినా తక్కువే. ఇవాళ నన్ను పాడమని మాత్రం అడగవద్దు. దానికి బదులు నాదొక కోరిక. భోజనాలయ్యాక ఎవరూ పని ఉందని పరిగెత్తకండి. నాతోనే మాట్లాడాలని లేదు, మీలో మీరు మాట్లాడుకోండి, బంతాటల గురించి పోట్లాడుకోండి, నేను ఏదో మూల కూర్చుని వింటాను. ఇంట్లో నాకు తొందర పని ఏమీ లేదు. కుర్చీలు మాత్రం అప్పుడే మడవకండి. సెలవు.