మీరుగారు

ఏంటే ఆ గొణుగుడు? అద్దం ముందు నిలబడి ఎవరితో మాట్లాడుతున్నావ్? ఏదీ, మళ్ళీ అను. "గుడ్‌మార్నింగ్ మేడమ్, మీకు ఏ విధంగా సాయపడగలను?" హయ్యో నా తల్లీ, చిలక్కి నేర్పినట్టు నేర్పారన్నమాట. పళ్ళు ఎన్ని కనబడాలో కూడా చెప్పారా? చెప్పే ఉంటారు. వెక్కిరించడం లేదే, ఉద్యోగం వచ్చింది, సంతోషం. కానీ ముక్కూమొహం తెలీని మనిషి గుమ్మంలో అడుగుపెడితే ఎలా పిలవాలో మా మీరుగారి దగ్గర నేర్చుకోవాలి ఎవరైనా. ఎవరా? నీకెలా తెలుస్తుందిలే, నువ్వు పుట్టకముందే పోయాడు మహానుభావుడు. నేను చెప్పుల షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని చూడు, అక్కడే ఆయనా. అసలు పేరు ఏదో ఉండేది, ఎవరికి కావాలి. అందర్నీ "మీరు" అంటాడని మేం పెట్టిన పేరది. అందర్నీ అంటే అందర్నీనే! చంకలో పిల్లాణ్ణి కూడా "మీ పాదం ఇలా ఇస్తారా బాబుగారూ" అనేవాడు. వీధికుక్క మెట్ల మీద పడుకుంటే, "కాస్త పక్కకి జరుగుతారా, దారికి అడ్డంగా ఉన్నారు" అనేవాడు. నవ్వుతావేం, నా కళ్ళారా చూశాను. అది జరిగేది కూడా! మేం కర్ర తీస్తే మాత్రం గుర్రుమనేది దొంగమొహంది.

ఎవరొచ్చినా "రండి, కూర్చోండి", అంతే. ఏం కావాలని వెంటనే అడిగేవాడు కాదు. నడిచొచ్చిన కాళ్ళండీ, ముందు కాస్త ఊపిరి పీల్చుకోనిద్దాం అనేవాడు నాతో. తర్వాత ఎదురుగా పొట్టిపీట వేసుకుని, వాళ్ళ పాదం తన తొడమీద పెట్టుకుని, ఎడంచేత్తో మడమ పట్టుకునేవాడు. బురద కాళ్ళయినా, పగిలిన మడమలైనా మొహం చిట్లించింది నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఎవరు పట్టుకుంటారే, డబ్బా పడేసి వేసుకో అంటారు. ఏం చెప్తున్నా... ఆఁ, కూతురు. భార్య ఎప్పుడో పోయింది, ఒక్కతే కూతురు. లోకంలో ఆయన "నువ్వు" అన్నది ఆ ఒక్కదాన్నే. అది షాపుకి ఫోన్ చేసేది. "ఏమే, తిన్నావా? నాకోసం చూడకు, నువ్వు తినెయ్యి" అని ఈయన అంటుంటే మేమంతా చెవులు రిక్కించేవాళ్ళం, ఓహో ఈయనకీ వచ్చునే అని.

ఆ పిల్ల బుద్ధిగా చదువుకుంది, బ్యాంకులో ఉద్యోగం తెచ్చుకుంది. ఒకరోజు మధ్యాహ్నం షాపుకొచ్చింది, పక్కన ఒక అబ్బాయి, వాళ్ళమ్మ. నేను చూస్తూనే పోల్చుకున్నాను, పిల్ల చెప్పిందని మీరుగారు నాతో అన్న సంబంధం అదేనని. పెద్దవాళ్ళు ఇంకా కలుసుకోలేదు. పిల్ల మొహం వెలిగిపోతోంది. గుమ్మంలోంచే నాన్నని చూసి నవ్వింది. ఈయనేం చేశాడో తెలుసా? గబగబా చేతులు తుడుచుకుని, "రండి మేడమ్, కూర్చోండి" అన్నాడు. మేడమ్‌ట! కన్నకూతుర్ని! నేను నోరెళ్ళబెట్టాను. పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ పెద్దావిడకేం తెలుసు పాపం, "మా ఇంటికి రాబోయే కోడలండీ, మంచి జత చూపించండి" అంది. "అలాగేనండీ. పాదం ఇలా ఇవ్వండి మేడమ్" అని పీట వేసుకుని, కూతురి కాలు తొడమీద పెట్టుకుని చెప్పు తొడిగాడు. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కరుస్తున్నాయాండీ?" అని అడిగాడు. "లేదండీ" అంది. వాళ్ళు అటు వెళ్ళగానే నేను ఆగలేకపోయాను, ఇదేం పనండీ, మతుందా మీకు అన్నాను. "వాళ్ళకి చెప్పిందో లేదోనండీ, నేను చేసేది కాళ్ళు పట్టుకునే పనని. నా మూలంగా పిల్లకి తలవంపులెందుకు" అన్నాడు. పిచ్చిమనిషి! మా నాన్న ఈయనే అని చూపించాలనే కదే అది వాళ్ళని వెంటబెట్టుకొచ్చింది!

ఆ సాయంత్రం ఇంట్లో నిలదీసిందట. "నిన్ను చూసి నేను సిగ్గుపడతానని ఎలా అనుకున్నావు నాన్నా? ఇంత పెంచి, నా గురించి నీకు తెలిసింది ఇదేనా?" అని. ఈయనేమన్నాడు? "తప్పయిపోయిందండీ, క్షమించండి" అన్నాడట. అలవాటే, పొద్దస్తమానం అనే మాట, కంగారులో అదే వచ్చింది. మర్నాడు నాతో చెప్పి తల బాదుకున్నాడు. కానీ ఆ పిల్లకి ఎలా ఉంటుంది చెప్పు? "సరేనండీ, వెళ్ళొస్తాను" అని వెళ్ళిపోయింది. పెళ్ళయింది, వేరే ఊరికి మారింది, రాకపోకల్లేవు. ఇద్దరిలో ఎవరిది తప్పంటే నేను చెప్పలేను. ఇద్దరినీ కూర్చోబెట్టి రెండు వాయించాలనిపించేది.

తర్వాత్తర్వాత ఆయనకి మతి తప్పింది. ఆస్పత్రిలో వేస్తే నేను వెళ్తుండేదాన్ని. వార్డులోకి ఎవరొచ్చినా మంచం మీంచే "రండి, కూర్చోండి". నర్సు సూది పట్టుకొస్తే, "నల్లవి చూపించమంటారా, గోధుమరంగువా" అని అడిగేవాడు. నేనే ఆ పిల్లకి కబురు పెట్టాను, చూసుకోదలిస్తే ఇప్పుడే రావే అని. పరిగెత్తుకుంటూ వచ్చింది. "నాన్నా" అంది. ఆయన తేరిపార చూసి, "రండి మేడమ్, కూర్చోండి" అన్నాడు. పిల్ల ఏడవలేదు, కూర్చుంది. "పాదం ఇలా ఇవ్వండి" అని చెయ్యి చాపాడు. చెప్పు విడిచి, పాదం మంచం మీద పెట్టింది. ఎడంచేత్తో మడమ పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు. "మా అమ్మాయి పాదం కూడా అచ్చం ఇలాగే ఉంటుందండీ. మీకెక్కడైనా కనబడితే, నాన్న ఒకసారి రమ్మన్నాడని చెప్తారా?" అన్నాడు. ఆ పిల్ల, "అలాగేనండీ, చెప్తాను" అంది.

...ఆ కిటికీ వెయ్యవే, దుమ్మొస్తోంది.