ఎర్ర కారు బేరం

"నాన్నా, కొనే ఆయన్నే నడిపి చూడనివ్వు. నువ్వు పక్కన కూర్చో చాలు."

"దీని పొగరు ఆయనకేం తెలుసమ్మా? కాలు అలా ఆనిస్తే చాలు, దూకేస్తుంది."

"అందుకే వద్దంటున్నా. డాక్టరు నీ కళ్ళ గురించి ఏమన్నారో మర్చిపోయావా?"

"వీధి చివరిదాకా వెళ్ళొస్తాను. అంతే."

ఏళ్ళ తరబడి కంటికి రెప్పలా చూసుకున్న పాత అమెరికన్ స్పోర్ట్స్ కారు అది. కొనడానికొచ్చినాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తండ్రి దాన్ని గర్జించేలా ముందుకు ఉరికించాడు. కూతురు గేటు పట్టుకుని నిలబడింది. మలుపు అవతల బ్రేకు కీచుమంది. ఆ తర్వాత ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేదు. చెప్పులైనా వేసుకోకుండా ఆమె వీధిలోకి పరిగెత్తింది.

కారు మెల్లగా ఎదురొచ్చింది. నడుపుతున్నది కొనడానికొచ్చినాయన. తండ్రి పక్క సీట్లో ఉన్నాడు.

"ఏమైంది నాన్నా? ఎవరికైనా తగిలిందా?"

"లేదమ్మా. సైకిల్ మీద ఓ పాప అడ్డొచ్చింది. ఈయన అరిచాడు కాబట్టి ఆపాను."

"నీకు కనపడలేదా?"

"ఆపాక కూడా కాసేపటిదాకా కనపడలేదు."

ఆమె తండ్రి వైపు తలుపు తీసింది.

"బండి ఈయనకే ఇచ్చేద్దాం. ఏదీ, చెయ్యివ్వమ్మా, దిగుతాను."