తువ్వాలు కింద ఎనభై రెండు క్రెడిట్లు

"నేను చేసిందేం లేదు" అన్నాడు నతానియేలు, టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటూ.

ఆ మాట వినగానే కోటిరత్నం పొయ్యి మీదికి ఇంకో గిన్నె పాలు ఎక్కించింది. హైవే పక్కన పదేళ్ళుగా టీ కాస్తున్న మనిషి. నతానియేలు చేసిందేం లేదన్నాడంటే ఆ కథ ఒక టీతో అయ్యేది కాదని ఆవిడకి తెలుసు.

నతానియేలు గుంటూరు మిర్చియార్డులో హమాలీల మేస్త్రి. ముప్పై ఏళ్ళ సర్వీసులో బస్తాలు మోసింది తక్కువ, మోయించింది ఎక్కువ, మోసినట్టు చెప్పింది అంతకంటే ఎక్కువ. ఇవాళ యార్డు మానుకుని, మేనకోడలు ఫెబాని తీసుకుని తుళ్లూరు వైపు యూనివర్సిటీకి వెళ్ళొచ్చాడు. పిల్ల బస్సు దిగి నేరుగా ఇంటికి పోయింది. మేనమామ బస్సు దిగి నేరుగా కొట్టుకి వచ్చాడు.

వినడానికి ఇద్దరున్నారు. ఆదెయ్య పత్తి విత్తనం పెట్టి వాన కోసం చూస్తున్న రైతు, వాన వచ్చేదాకా ఆయనకి వేరే పని లేదు. ఎవరేం చెప్పినా నమ్ముతాడు, ఫోన్లో వచ్చే వాన కబురుతో సహా. రెండోవాడు కోటేష్. బీటెక్ మూడేళ్ళు చదివి, నాలుగో ఏడు చదవకుండా చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లులో చేరాడు. తను చదవని ఆ ఒక్క ఏడాది గురించి తప్ప లోకంలో అన్నిటి గురించీ ప్రశ్నలు వేస్తాడు.

మూడో మనిషిగా రెబ్కా వచ్చి పొయ్యి పక్కన నిలబడింది. నతానియేలుకి చెల్లెలు, ఫెబాకి తల్లి. కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయలకి తొడిమలు తీసే పని. అరగంట అడిగి వచ్చింది. ముందు ఇంటికే వెళ్ళింది. ఫెబా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఎన్ని ఒప్పుకున్నారే?" అని అడిగితే, "మామయ్యని అడుగమ్మా" అంది, తిరక్కుండానే. "ఐదింటికల్లా సరేనో కాదో ఫోన్లో నొక్కాలి."

రెబ్కాకి ఇంగ్లీషు రాదు గానీ ఈ లెక్క మాత్రం నెల రోజులుగా విని విని నోటికొచ్చేసింది. ఇప్పుడున్న కాలేజీలో ఫెబా రెండేళ్ళు చదివింది. కంప్యూటర్ల మీద దుప్పట్లు కప్పి, ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం తీసే కాలేజీ అది. ఆ రెండేళ్ళకి వచ్చినవి ఎనభై రెండు క్రెడిట్లు. అక్కడి నుంచి మారడానికి అప్లికేషన్ పెట్టింది. ఆ అద్దాల యూనివర్సిటీలో మధ్యలో చేరేవాళ్ళకి ఉన్నవి ఆరు సీట్లు. అందులో ఒకటి దొరికినా, పాత క్రెడిట్లలో కనీసం డెబ్భై వాళ్ళు ఒప్పుకుంటేనే మూడో ఏడులో చేరుతుంది. తగ్గితే మళ్ళీ రెండో ఏడే.

కాబట్టి రెబ్కాకి కావలసింది ఒక్క అంకె. గోడ గడియారంలో నాలుగుంబావు అయింది.

"అన్నా, ఎన్ని ఒప్పుకున్నారు?"

"అక్కడికే వస్తున్నా రెబ్కా. గేటు దగ్గర నుంచి చెప్పుకురాకపోతే ఆ అంకె విలువ తెలీదు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడండీ ఆదెయ్యగారూ. పిల్లకి పాసుంది, నాకు లేదు. 'బాబూ, మేం గుంటూరు యార్డు నుంచి వస్తున్నాం' అన్నా. ఒక్క మాట. లోపలికెళ్ళి కుర్చీ తెచ్చాడు."

"నీకా?" అన్నాడు ఆదెయ్య.

"నాకే. తను నించున్నాడు."

ఇక్కడిదాకా జరగడానికి వీలున్నదే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

"లోపల పెద్ద హాలు. చలి. మన కోల్డ్ స్టోరేజీ అంత చలి. రెండొందలమంది పిల్లలు, తల్లీదండ్రీ. నాకేమో బస్తాలు చూసిన కళ్ళు. యార్డులో నేను కాయ విరిచి చూడనని మీకు తెలుసుగా, గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తే చాలు, గింజ గలగలని బట్టి తేమ ఎంతుందో చెప్తా. పిల్లల్ని పట్టుకుని ఆడించలేం కదా. అందుకని ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్ళి, 'ఏం బాబూ, బాగా చదివావా' అని అడిగా. ఆ 'చదివానండీ' అనే చప్పుడులో తెలిసిపోతుంది. తేమ ఉన్నవాళ్ళని ఇలా పక్కకి నిలబెట్టా. ఎంతమంది తేలారో తెలుసా? నూట తొంభై. పాపం, మర్యాదస్తులు, వాళ్ళంతట వాళ్ళే బస్సెక్కి వెళ్ళిపోయారు."

"ఏ బస్సు మేస్త్రీ?" అన్నాడు కోటేష్.

"నాలుగు బస్సులు. యూనివర్సిటీవే. డ్రైవర్లు కూడా కష్టపడ్డారు."

"ఉత్తపుణ్యానికి అంతమందిని పంపించేశావే" అని ఆదెయ్య బాధపడ్డాడు.

"పైరు నిలబడాలంటే కలుపు తియ్యాలి కదండీ. సరే, ఈ సంగతి లోపలికి తెలిసి డీన్ గారే బయటికొచ్చారు. ఆరడుగుల మనిషి, రెండు కళ్ళజోళ్ళు, ఒకటి కళ్ళకి, ఒకటి నెత్తికి. 'ఈ అమ్మాయివి ఎనభై రెండున్నాయి, మేము ముప్పై ఒప్పుకుంటాం' అన్నారు. పదిమంది ముందు! నోటితో! నాకు ఒళ్ళు మండిపోయింది. 'సార్, ఇలా నోటితో రేటు చెప్తే మీకూ మర్యాద కాదు, మాకూ కాదు. చెయ్యి ఇలా ఇవ్వండి' అని భుజం మీద తువ్వాలు తీశా."

కోటిరత్నం వడగట్టడం ఆపింది.

యార్డులో కంప్యూటర్ వేలం రాకముందు బేరాలు అలాగే అయ్యేవి. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు తువ్వాలు కింద పెట్టి, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర తేల్చుకునేవారు. పట్టుకున్న వేలికో అంకె. పక్కనున్నవాడికి తువ్వాలు కదలడమే తప్ప లోపల ఏం జరుగుతోందో తెలిసేది కాదు. ఆ రోజుల్లో నతానియేలు బేరాలు చేసినవాడు కాదు, బేరం అయ్యాక బస్తా ఎత్తినవాడు. కానీ తువ్వాలుని బాగా దగ్గర నుంచి చూశాడు.

"పెట్టాడా చెయ్యి?" అన్నాడు ఆదెయ్య.

"పెట్టక? పెద్ద చదువులు చదివిన చెయ్యండీ, నూనె రాసిన వంకాయలా మెత్తగా ఉంది. ఆయన నా మూడు వేళ్ళు పట్టుకున్నాడు, ముప్పై అని. నేను ఆయన ఐదు వేళ్ళూ పట్టుకుని, వదిలి, మళ్ళీ మూడు పట్టుకుని, చిటికెన వేలు కొసన ఇలా రెండుసార్లు నొక్కా. ఎనభై రెండు! ఆయన బొటనవేలు విదిలించాడు. నేను వదల్లేదు. ఆయన చెమట తువ్వాలు పైకి తేలింది. అంత ఏసీలోనూ!"

"అన్నా, టైమవుతోంది. ఎన్ని ఒప్పుకున్నారు?"

"ఎనభై రెండూ ఒప్పుకున్నారమ్మా" అన్నాడు నతానియేలు, ఆమె వైపు చూడకుండా.

రెబ్కా పొయ్యి దగ్గర నుంచి ఒక అడుగు ముందుకేసింది. అతను అక్కడ ఆగి ఉంటే నమ్మేసి, షెడ్డుకి పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయేది.

అతను ఆగలేదు.

"కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎనభై రెండయ్యాక చెయ్యి వదలాలిగా, నా చెయ్యి వదల్లేదు. ముప్పై ఏళ్ళు బస్తా కొక్కెం పట్టిన చెయ్యి, అలవాటుగా బిగుసుకుపోయింది. ఆయనేమో ఇంకా అడుగుతున్నాననుకుని నూట పది అన్నాడు. నేను నొప్పికి వేలు కదిపా. నూట ముప్పై అన్నాడు. రిజిస్ట్రార్ గారు వచ్చి విడిపించబోయి ఆయన చెయ్యి కూడా తువ్వాలులో ఇరుక్కుంది. ఇద్దరూ కలిసి నూట అరవై."

"మేస్త్రీ, నూట అరవైకి డిగ్రీ అయిపోతుంది" అన్నాడు కోటేష్.

"ఆ మాటే డీన్ గారూ అన్నారు, కళ్ళనీళ్ళతో. 'అయ్యా, మీ పిల్ల ఇంకా చేరనే లేదు, చదువైపోయింది' అన్నారు. 'అయితే మేం ఎందుకొచ్చినట్టు? పిల్ల చదువుకోవాలని వచ్చింది' అన్నా. అప్పుడు మళ్ళీ వెనక్కి బేరం మొదలుపెట్టాం. ఆ కంగారులో ఆయన తగ్గించబోయి పెంచేశాడు. రెండొందల పది!"

రెబ్కా పైటచెంగు నడుంలో బిగించి దోపుకుంది. అన్న అంకెలు ఎక్కేకొద్దీ ఆమెకి కాళ్ళ కింద నేల దిగుతున్నట్టుంది. ఇంకోసారి అడగాలని ఉంది, జవాబు వినాలని లేదు.

"రెండొందల పది ఎక్కడి నుంచి తెచ్చారు?" అన్నాడు కోటేష్.

"బాగా అడిగావురా. వాళ్ళ దగ్గర నిండుకున్నాయి! మిగతా ఐదు సీట్ల పిల్లలకి ఇద్దామంటే ఒక్క క్రెడిట్ లేదు. బెంగళూరు నుంచి కారులో తెప్పించారు. వాటిని ఏసీలో పెట్టుకుని తేవాలంట, ఎండకి తూకం తగ్గుతాయంట."

"ఎండు మిరపకాయలకీ అంతేగా" అన్నాడు ఆదెయ్య. ఆయనకి ఈ ఒక్క చోటే విషయం పూర్తిగా అర్థమైంది.

"చివరికి వైస్ ఛాన్సలర్ గారే దిగొచ్చి, 'అమ్మా ఫెబా, ఇన్ని క్రెడిట్లున్నదానివి, నువ్వు చదవడం దేనికి, ఇదిగో కుర్చీ, నువ్వే పాఠాలు చెప్పు' అన్నారు. డీన్ గారు తన కుర్చీ తనే తుడిచారు. మన పిల్ల వద్దంది. అమ్మని అడిగి వస్తానంది. అదీ పెంపకం! ఆ తువ్వాలుని మాత్రం వాళ్ళు ఇవ్వలేదు. అద్దం కట్టించి ఆఫీసులో పెట్టుకున్నారు."

"మరి నీ భుజం మీదున్నదేంటి?" అన్నాడు కోటేష్.

"మిగతా సగం."

"సగమే ఇంతుందా?"

"పూర్తిది నువ్వు చూడలేదులేరా."

కోటేష్ నవ్వాడు. కోటిరత్నం నవ్వింది. ఆదెయ్య ఆ సగం తువ్వాలు కొసని గౌరవంగా పట్టుకుని చూశాడు. గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది.

"అన్నా" అంది రెబ్కా.

"ఇంకా ఉందమ్మా. వచ్చేటప్పుడు బస్సు..."

"ఫెబా పదో తరగతిలో మండలం ఫస్టొచ్చిన రోజు నువ్వే కదా మార్కులు చూసొచ్చావు. ఇంటికొచ్చి ఏమన్నావు?"

"ఏమన్నా?"

"'వచ్చిందమ్మా' అన్నావు. అన్నం పెట్టమన్నావు. అంతే." రెబ్కా గొంతు పెంచలేదు. "నాన్న పోయిన రోజు ఆస్పత్రి నుంచి వచ్చి, నలుగురు డాక్టర్లు మంచం చుట్టూ కూర్చుని నాన్న దగ్గర వైద్యం నేర్చుకుంటున్నారని అమ్మకి పొద్దుగూకేదాకా చెప్పావు. మంచి కబురైతే నీకు ఒక్క మాట చాలు. ఇవాళ నేనొచ్చిన దగ్గర్నుంచి చెప్తూనే ఉన్నావు. ఎన్ని?"

హైవే మీద పత్తి బేళ్ళ లారీ ఒకటి పోయింది. దాని చప్పుడు పూర్తిగా తగ్గేదాకా నతానియేలు టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"నలభై నాలుగు" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

"అంటే మళ్ళీ సెకండియరే" అన్నాడు కోటేష్, నెమ్మదిగా. ఈసారి అది ప్రశ్న కాదు.

"నన్ను లోపలికి రానివ్వలేదమ్మా. అద్దం బయట నించున్నా. పిల్ల ఒక్కతే కూర్చుని ముగ్గురికి జవాబు చెప్పింది. ఏం చెప్పిందో వినపడలేదు గానీ, చేతులు తిప్పుతూ గంటసేపు చెప్పింది. వాళ్ళు రాసుకున్నారు. బయటికొచ్చి, 'నలభై నాలుగే మామయ్యా, అమ్మకి నువ్వు చెప్పు' అంది. తుళ్లూరు నుంచి ఇక్కడిదాకా అదే ఆలోచించా, ఎలా చెప్పాలా అని."

రెబ్కా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరప చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు. భుజం ఎత్తి జాకెట్టుకి ఒత్తుకుంది. కోటిరత్నం ఆమె సంచిలోంచి ఫోను తీసి, ఫెబాకి కలిపింది. ఫోనుని రెబ్కా చెవికి పెట్టింది గానీ, వినడానికి కొట్టంతా ముందుకు వంగింది.

"సరే అని నొక్కు" అంది రెబ్కా.

"మామయ్య చెప్పాడా? ఒక ఏడాది పోతుందమ్మా."

"పోవడమేంటి? ఏడాది ఎక్కువ చదువుతావు. నేను ఎన్నేళ్ళు తీసినా అవే తొడిమలు. నీ చదువు అలా కాదుగా. నొక్కు."

"నువ్వు ఇంకో ఏడాది..."

"నా సంగతి నిన్నెవరడిగారే? ముందు నొక్కు."

ఆదెయ్య ఊపిరి బిగపట్టుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియదు.

"నొక్కానమ్మా."

"లేచి మొహం కడుక్కో. పొయ్యి మీద పప్పుంది."

కోటిరత్నం ఫోను తీసి సంచిలో వేసింది. రెబ్కా అన్న వైపు ఒక్కసారి చూసి, షెడ్డు వైపు గబగబా నడిచింది. అడిగిన అరగంట దాటిపోయింది.

ఆదెయ్యకి మాత్రం బుర్ర తిరిగిపోతోంది. రెండొందల పదికీ నలభై నాలుగుకీ మధ్య ఆయన ఎక్కడో తప్పిపోయాడు.

"అది సరే నతానియేలూ, ఇంతకీ పిల్లకి ఆ సీటు వచ్చినట్టా, రానట్టా?"

కోటేష్ కాలు మీద కాలేసుకుని సర్దుకుని కూర్చున్నాడు. కోటిరత్నం చెయ్యి అలవాటుగా పాలగిన్నె మీదికి పోయింది.

"వచ్చింది" అన్నాడు నతానియేలు.