సున్నా రావడం అంత సులువు కాదు

హలో… ఆ, నేనే బుక్ చేశాను, నర్సీపట్నం కాలేజీ నుంచి. ఎక్స్ఛేంజి మత్స్యరాజు గారేనా? విశాఖపట్నానికేనండి ట్రంకాల్, సూపరింటెండెంటు అప్పలనరసింహం గారికి… ఆ, కలపండి.

హలో, బావా? నేను లలితాంబని… లేదు, అమ్మ బాగానే ఉంది… నాన్నా బాగానే ఉన్నారు. ట్రంకాల్ వస్తే ఎవరో పోయారనే అనుకోవాలేటి?

నీ ఆఫీసు పనే. ఏజెన్సీ గ్రామాలకి ఆరోగ్య కార్యకర్తల పరీక్ష పెట్టారు కదా… ఆ, నువ్వు దిద్దిన పేపర్లే. సింహాద్రమ్మ అని, కొండ మీంచి వచ్చి రాసినావిడ. ఎన్నొచ్చాయి?

…

ఉన్నాను, లైన్లోనే ఉన్నాను. ఇరవైకి సున్నా. నవ్వు, నవ్వడం అయ్యాక చెప్పు.

రెండు నెలలు ఆదివారాలు కూచోబెట్టి పాఠం చెప్పింది నేనే బావా… అందుకే సున్నా వచ్చిందా? సరే, ఈ మాట అక్క దగ్గర కూడా అందువుగాని.

కాదు, రికమండేషన్ కాదు. లెక్క. ఆ పేపరంతా ఒప్పా తప్పా అనే ప్రశ్నలే కదా… ఇరవై. ఏమీ తెలియని మనిషి కళ్ళు మూసుకుని జవాబులు పెట్టుకుంటూ పోయాడనుకో. నువ్వే అనుకో, నీకు కష్టం కాదు… ఎన్ని కుదురుతాయి?… ఆ, పది. తొమ్మిదో, పదకొండో. మరి సున్నా ఎలా వస్తుంది?

మొద్దు కాబట్టి అంటే కుదరదు. మొద్దుకి పది వస్తాయి. సున్నా తెచ్చుకోవాలంటే ఇరవైకి ఇరవై తెలిసుండాలి.

విను. మొదటి ప్రశ్న తప్పడానికి సగం అవకాశం. రెండోదీ తప్పడానికి సగంలో సగం. మూడోదీ తప్పడానికి అందులో సగం. అలా ఇరవైసార్లు కోసుకుంటూ పో… పది లక్షల నలభై ఎనిమిది వేల చిల్లర సార్లు రాస్తే ఒక్కసారి. దీన్ని బైనామియల్ అంటారు, మా ఇంటర్ పిల్లలకి వచ్చు.

పోనీ, నీకు తెలిసిన భాషలో చెప్తాను. మీ ఆఫీసు క్రికెట్లో ఇరవైసార్లు వరసగా టాసు ఓడిపోతే జాతకం చూపించుకుంటావా, ఆ బిళ్ళ తిప్పి చూస్తావా?… నసగకు, చెప్పు.

ఆ? మూడు నిమిషాలయిందా? ఇంకో మూడు ఇవ్వండి మత్స్యరాజు గారూ… మీరూ వింటున్నారా, మంచిది… చూశావా బావా, ఆయన బిళ్ళే తిప్పి చూస్తాడట.

ఆ పేపరు తియ్యి… తెలుసు, జాబితా ఐదింటికి సంతకానికి వెళ్ళిపోతుందని. అందుకే ఇప్పుడు చేశాను. బీరువా తాళం జంధ్యానికే ఉంటుంది కదా. బేగి తియ్యి.

…

ఆ. మొదటిది చదువు… "నీళ్ళు కాచి తాగవలెను." పక్కన ఒప్పు, తప్పు అని అచ్చేశారు. గీత దేనికుంది?… తప్పుకి. మాట కిందుందా, మీదుందా?… అడ్డంగా మీంచి పోయిందా. రెండోది?… మూడోది?… అన్నీ అంతేనా.

ఒక్క క్షణం. ఆవిడ ఇక్కడే నా పక్కన నిలబడింది, ఫలితం తెలుసుకుందామని తెల్లారగట్ట కొండ దిగొచ్చింది… సింహాద్రమ్మా, ఒప్పూ తప్పూ అనుంటే ఒకటి కొట్టేశావట, ఎందుకు?… ఏటి? మళ్ళీ చెప్పు.

బావా, ఏటంటోందో విను. "కానిది కొట్టేసినానమ్మా. కాయితమంటే అలాగే కదా" అంటోంది. కులం సర్టిఫికెట్టుకి నాలుగుసార్లు ఫారం నింపిందట. ప్రతి ఫారం మీదా "వర్తించనిది కొట్టివేయుడు" అని నేర్పింది మీరే కదా… ఒప్పుకుంటాను, పేపరు పైన "సరైనదానికి గీత పెట్టుము" అని ఉంది, ఆవిడ చూసుకోలేదు. కానీ కొట్టేసిన మాటే జవాబనుకుని దిద్దిన మహానుభావుడివి నువ్వు.

ఆ, మళ్ళీ లెక్కపెట్టుకో… ఇరవైకి ఇరవై. నాకు ముందే తెలుసు.

ఏటి, ఏదో గొణుగుతున్నావు?… ఇంకా ఉన్నాయా? సున్నాలు?… ఈవిడతో కలిపి ఎన్ని?

ఏడు.

అందరూ కొండ మీదోళ్ళేనా… ఏడు సున్నాలొస్తే నీకు అనుమానం రాలేదు, నవ్వొచ్చింది. టీ తాగుతూ సెక్షనంతా తిప్పి చూపించుంటావు… చూపించావా. బాగుంది.

జాబితాలోకి ఎక్కినవాళ్ళకి ఎన్నొచ్చాయేటి?… పన్నెండొస్తే పాసు. బావా, వందమందిని కూచోబెట్టి బిళ్ళ ఎగరేసి రాయమంటే పాతికమందికి పన్నెండో అంతకు పైనో వస్తాయి. ఆ జాబితాలో ఎంతమంది మనుషులో, ఎన్ని బిళ్ళలో నువ్వే చూసుకో.

వెటకారం కాదు. నాకు ఏడుపొస్తోంది. పోయిన వానాకాలం వీళ్ళ ఊళ్ళో కాన్పు చేసే దిక్కు లేక ఈవిడ చెల్లెలు పోయింది. ఈ పని నేనే నేర్చుకుంటానని ఆ నెలలోనే నా గుమ్మంలోకి వచ్చింది. ఇప్పుడు ఈవిడకి నేను సున్నా అని చెప్పాలా?

టైపయిపోతే ఏం? సంతకం కాలేదు కదా… ఆఫీసరు తిడితే తిట్టనీ. ఆ ఏడు పేపర్లూ పట్టుకుని లోపలికి నువ్వు వెళ్తావా, రేపు మొదటి బస్సుకి సుద్దముక్క పట్టుకుని నన్ను రమ్మంటావా?…

ఆ. అలా అను… వెళ్తావు కదా. మా బావవే.

టైపు చేసిన జాబితా ఎలా మార్చాలా? నన్నడుగుతావేటి? వర్తించనిది కొట్టివేయడం బాగా తెలిసినావిడ నా పక్కనే ఉంది. ఇస్తున్నాను, మాట్లాడు… సింహాద్రమ్మా, ఇది ఇలా చెవి దగ్గర పెట్టుకో. అటు కాదు, ఇటు.

అలో… ఆ, నానేనండి. సింహాద్రమ్మని… నాకు తెల్దండి అవన్నీ. ఆ ఏడుగురం తాలూకాఫీసు అరుగు మీద ఒక్కకాడే కూకొని ఫారాలు నింపినాము. పేరులు సెప్తాను, రాసుకోండి… కలం దొరికిందాండి?… నాది ఆకర్న రాయండి. ముందు కొండలమ్మ…