మందిరం పైకప్పు లేపిన తేనె కేకు

మంగలి హిజ్కియో కత్తెరతో కోసేదానికంటే నోటితో కోసేదే ఎక్కువని సమర్‌కంద్ యూదుల పేటలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అయినా ఆ సాయంత్రం పేటకు పెద్దదిక్కయిన మజోల్ పెద్దమ్మ ముంగిట్లో, ద్రాక్షపందిరి కింద, టీ గిన్నె పట్టుకుని అతను గొంతు సవరించుకున్నాడంటే దానికో కారణం ఉంది. ప్రాయశ్చిత్త దినానికి ఇంకా ఐదు రోజులే. ఆ రోజంతా పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా ఉండి, పొద్దుగూకాక పేటంతా కొరికే మొదటి ముక్క తేనె కేకు. ఈ ఏడు అది ఎవరు చెయ్యాలో పెద్దమ్మ ఇవాళే తేల్చబోతోంది. పొరుగింటి యాగుత్ చేస్తానంది, హిజ్కియో కూడా చేస్తానన్నాడు. ఇన్నేళ్లూ జనం అతన్ని పిలిచింది గడ్డం గీయడానికే. ఒక్క ఏడాదైనా తన చేతి తీపి తిని అందరూ ఔరా అనాలని పాపం అతనికి మహా కోరిక.

"నేను బుఖారాలో మా మామ ఇంట్లో ఉన్న ఏడు, ఉపవాసానికి ముందురోజు కేకు నేనే చేశా. పెద్ద గొప్పేం కాదు, నలభై గుడ్లు."

"నలభయ్యా!" అన్నాడు చెప్పులు కుట్టే అమ్నూన్.

"అవీ బాతుగుడ్లు. కోడిగుడ్లు నా చేతికి ఆనవు. సొన గిలక్కొడుతుంటే నురగ గిన్నె దాటింది, గుమ్మం దాటింది, వీధిలో పోయే గాడిద మంచు పడిందనుకుని వెనక్కి తిరిగి ఇంటికెళ్లి పడుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బజారులో ఉన్న తేనెంతా పోసి, తందూరులో దింపి, పైన తిరగలి రాయి పెట్టా."

"కేకు మీద రాయెందుకన్నా?" అంది యాగుత్.

"పొంగకుండా! ఆగిందా మరి? ఎనిమిదిమందిమి మోసుకెళ్లి ప్రార్థనా మందిరం గుమ్మంలో పెట్టాం. మర్నాడు లోపల మూడొందలమంది ప్రార్థనలో ఉన్నారా, నా కేకు చల్లారాక కూడా పొంగడం మానలేదు. తలుపు మూసేసింది, కిటికీలు మూసేసింది, పైకప్పు మూరెడు లేచింది, దాని మీది కొంగ గూడుతో సహా!"

"నువ్వు లోపల లేవా?" అన్నాడు అమ్నూన్.

"గాలికని అప్పుడే బయటికొచ్చా, దేవుడి దయ. లోపల ఊపిరాడటం లేదు. 'హిజ్కియో, ఇక నువ్వే దిక్కు' అని మందిరం గురువు రబ్బీ గారి కేక. పారలు తెచ్చారు, ఆ మెత్తదనానికి పారలు మునిగిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చొక్కా చేతులు పైకి మడిచి, నోరు తెరిచి, గుమ్మం దగ్గర మొదలెట్టా. మధ్యాహ్నానికల్లా నాలుగు గజాలు తిని, మనిషి పట్టే సొరంగం చేసి, మూడొందలమందినీ బయటికి లాగా! తీపి సరిగ్గా కుదిరింది. ఏలకులే చిటికెడు తగ్గాయేమో."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకో హిజ్కియోకు అర్థం కాలేదు.

"నాయనా," అంది మజోల్ పెద్దమ్మ మెల్లగా, "అది ఏ రోజన్నావు?"

"ప్రాయశ్చిత్త..." హిజ్కియో నాలిక్కరుచుకున్నాడు.

"మధ్యాహ్నం?"

"ప్రాణం కాపాడాలంటే ఉపవాసం విడవచ్చు పెద్దమ్మా! శాస్త్రం ఒప్పుకుంటుంది!"

"విడవచ్చు. ఏలకులు తగ్గాయో లేదో చూడటానికి కూడానా?"

అమ్నూన్ టీ పొలమారి దగ్గుతూ పక్కకి ఒరిగాడు.

"తేల్చిచెప్పు," అంది పెద్దమ్మ, "తిన్నావా, కోతలు కోశావా? తింటే దేవుడితో తేల్చుకో. కోస్తే మాత్రం మనుషుల ఎడల చేసిన తప్పు ఆయన మాఫీ చెయ్యడు. పండగలోపు ఇక్కడున్న ప్రతి ఒక్కరినీ నువ్వే క్షమాపణ అడుక్కోవాలి."

హిజ్కియో లోలోపల లెక్కలు వేసుకున్నాడు. ఉపవాసం రోజు తిన్నానంటే అతని చేతి కేకు కుక్కయినా ముట్టదు. కోశానంటే కేకు చెయ్యడమే రాదని ఒప్పుకున్నట్టు. పదకొండు మొహాలు అతన్నే చూస్తున్నాయి.

"కోశా," అన్నాడు చిన్న గొంతుతో.

పందిరి అదిరేలా నవ్వారు. హిజ్కియో లేచి, ఒక్కొక్కరి ముందూ చేతులు కట్టుకుని క్షమాపణ అడిగాడు. అమ్నూన్ వినపడలేదని రెండుసార్లు అడిగించుకున్నాడు. చివరికి పెద్దమ్మ దగ్గరికొచ్చి తల వంచాడు.

ఆవిడ అతని తల నిమిరింది.

"మనసారా క్షమించా నాయనా. కేకు మాత్రం యాగుత్ చేస్తుంది."